ఉప్పు నుంచి క్లోరైడ్ దాకా: నౌపడ – ఉద్దానం తీరం నేపథ్యంలో తెలుగు రసాయన నామకరణ చరిత్ర

వ్యాససంగ్రహం:
సరళ రసాయన సమ్మేళనాల పేర్లు, బంధ ధ్రువణత అనే రెండు అంశాలను తెలుగు పాఠ్యగ్రంథాలు వేర్వేరు అధ్యాయాల్లో బోధిస్తాయి. చరిత్రలో ఇవి ఒకే ఆలోచన నుంచి పుట్టాయి. సమ్మేళనం పేరులో ఏ మూలకం ముందు నిలవాలన్నది విద్యుత్ స్వభావాన్ని బట్టి నిర్ణయమైంది. ఈ సంబంధం తెలుగులోకి ఎలా వచ్చిందో, ఎక్కడ తెగిపోయిందో నౌపడ ఉప్పు మడులు, పలాస జీడి పరిశ్రమ, ఉద్దానం ఆరోగ్య సమస్యల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఉప్పు, లవణం, హరిదం, క్లోరైడ్, ఋణవిద్యుదాత్మకత, ధ్రువణత, నౌపడ, ఉద్దానం.

1. ఉప్పు: ఒక జాతి పేరు

తమిళం, కన్నడం, మలయాళాలలో కూడా ఇదే రూపంలో ఉన్న 'ఉప్పు' అచ్చమైన ద్రావిడ పదం. వంటింట్లో అది ఒకే వస్తువుకు పేరు. వైద్యుల, వృత్తికారుల వాడుకలో మాత్రం చాలాకాలం కిందటే ఒక జాతికి పేరైంది. తుపాకి మందులో కలిపే పొటాషియం నైట్రేట్ 'పెట్లుప్పు'. విరేచనానికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ 'భేదుప్పు'. చవిటి నేలల నుంచి తీసేది 'చవిటి ఉప్పు'. ఈ పేర్లన్నిటిలో ఉత్తరపదం ఒకటే. పూర్వపదం ఆ పదార్థం చేసే పనినో, దొరికే చోటునో చెబుతుంది. ఆధునిక రసాయన శాస్త్రంలో 'సాల్ట్' అనే పదం పొందిన అర్థవిస్తృతి తెలుగు 'ఉప్పు'కు కూడా లోకవ్యవహారంలోనే దక్కిందన్నమాట. పెట్లుప్పును ఉప్పుల్లో చేర్చినవారికి అయాన్ల సంగతి తెలియదు. అయినా నీటిలో కరగడం, ఎండబెడితే స్ఫటికాలుగా తిరిగి రావడం అనే రెండు లక్షణాలను వారు సరిగానే పట్టుకున్నారు.

వ్యవహారం అన్నిచోట్లా ఇంత క్రమంగా సాగలేదు. రాగి లవణం 'మైలుతుత్తం' అయింది, ఇనుప లవణం 'అన్నభేది' అయింది, అమ్మోనియం క్లోరైడ్ 'నవాసారం' అయింది. వీటి పేర్లలో ఉప్పు వినిపించదు. మైలుతుత్తానికీ అన్నభేదికీ గంధకంతో సంబంధం ఉందనిగాని, ఆ రెండూ ఒకే ఆమ్లం నుంచి వచ్చినవనిగాని పేరు చెప్పదు. 18వ శతాబ్ది ఐరోపాలో రసాయన నామాల పరిస్థితి కూడా ఇంతకంటే మెరుగ్గా లేదు.

2. నౌపడ మడుల్లో వేరుపడేది ఏది?

టెక్కలికి సమీపంలో, సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఆంధ్ర తీరంలో పేరున్న ఉప్పు కేంద్రం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లాలో భాగమైంది. మద్రాసు రాజధానిలో ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం 1805లో మొదలైంది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో బారువ వాసి గౌతు లచ్చన్న సముద్రపు నీటితో ఉప్పు తయారుచేసి శాసనాన్ని ధిక్కరించారు. అక్కడ శిక్షకు గురైనది సోడియం క్లోరైడ్ కాదు, 'ఉప్పు' అని చెప్పడం చమత్కారంగా తోచవచ్చు. కానీ పన్ను వేసేవాడికీ, పన్ను ఎగ్గొట్టేవాడికీ, వంట చేసేవారికీ పనికొచ్చిన పేరు అదే.

మడిలో జరిగే పని మరింత సూక్ష్మమైనది. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా సోడియం క్లోరైడ్. మిగిలినదానిలో ప్రధానమైనవి మెగ్నీషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం సల్ఫేట్. నీటి సాంద్రతను బామే డిగ్రీలలో కొలుస్తారు. ఇది 1768లో ఆంత్వాన్ బామే అనే ఫ్రెంచి ఔషధ రసాయనికుడు రూపొందించిన కొలమానం. సముద్రపు నీరు సుమారు 3 డిగ్రీల వద్ద మడిలోకి వస్తుంది. అది చిక్కబడుతున్నకొద్దీ మొదట కాల్షియం కార్బొనేట్, తరువాత జిప్సం విడివడతాయి. దాదాపు 25 డిగ్రీలు దాటాక సోడియం క్లోరైడ్ గడ్డకట్టడం మొదలవుతుంది. 30 డిగ్రీల లోపే మిగిలిన నీటిని బయటికి తోలకపోతే మెగ్నీషియం లవణాలు కూడా దిగి ఉప్పుకు చేదు వస్తుంది. ఏ నీటిని ఎప్పుడు వదిలేయాలో తెలియడమే ఇక్కడ నేర్పు. ఒకే నీటిలో అనేక 'ఉప్పులు' ఉన్నాయనీ, అవి ఒకదాని తరువాత ఒకటిగా దిగుతాయనీ మడి చేసేవారికి రుచి ద్వారా, చూపు ద్వారా తెలిసిన విషయం.

ఆ చేదు నీటి ప్రభావం వానాకాలంలో ఇంట్లోనూ తెలుస్తుంది. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటితేగాని నీరు కారదు. మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం దగ్గరే తేమను లాగుతుంది. డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లడానికి తరచూ కారణం ఉప్పు కాదు, దానితో మిగిలిపోయిన మరొక క్లోరైడ్. మెగ్నీషియం అయాన్ చిన్నది. రెండు ధనావేశాలు గలది. నీటి అణువులో ఆక్సిజన్ వైపు ఋణస్వభావం, హైడ్రోజన్‌ల వైపు ధనస్వభావం ఉంటాయి. కనుక ఆ చిన్న అయాన్ నీటి అణువుల ఆక్సిజన్ కొసలను బలంగా తనవైపు తిప్పుకుంటుంది. ధ్రువణత అనే భావనకు ఇంతకంటే సుపరిచితమైన ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో అరుదు.

3. పేరులో నిలిచిన ధ్రువణత

1787లో గ్యుతాఁ ద మొర్వో, లవాయిజే, బెర్తొలే, ఫుర్‌క్రువా కలిసి ప్రకటించిన రసాయన నామకరణ పద్ధతి ఒక సూత్రాన్ని స్థాపించింది: పేరు పదార్థపు కూర్పును చెప్పాలి. దొరికిన ఊరు, కనుగొన్న మనిషి, చేసే చికిత్స పేరులో ఉండనక్కరలేదు. '-ఏట్', '-ఐట్' అనే ప్రత్యయాలు ఆమ్లంలోని ఆక్సిజన్ పరిమాణాన్ని సూచించడానికి అప్పుడే స్థిరపడ్డాయి.

ఆ పద్ధతిలో ఒక పొరపాటు కూడా ఇమిడిపోయింది. ఆమ్లాలన్నిటికీ ఆక్సిజనే మూలమని లవాయిజే నమ్మాడు. ఆక్సిజన్ అనే మాటకు అర్థమే 'ఆమ్లాన్ని పుట్టించేది'. అందువల్ల సముద్రపు ఉప్పు నుంచి వచ్చే ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉండి తీరాలని భావించి, ఉప్పును 'మ్యూరియేట్' వర్గంలో చేర్చారు. లాటిన్‌లో 'మురియా' అంటే ఉప్పునీరు. హంఫ్రీ డేవీ 1807లో విద్యుత్తు సహాయంతో సోడియాన్ని వేరుచేశాడు. 1810లో క్లోరిన్ ఒక మూలకమేననీ, ఆ ఆమ్లంలో ఆక్సిజన్ లేదనీ ప్రకటించాడు. మ్యూరియేట్ కాస్తా క్లోరైడ్ అయింది. మారింది పేరు ఒక్కటే కాదు. పేరు వెనకున్న సిద్ధాంతం కూలిపోయింది.

డేవీ ప్రయోగంలో సోడియం ఋణధ్రువం దగ్గర పోగవడం మరొక ఆలోచనకు దారితీసింది. స్వీడన్ రసాయనికుడు బెర్జీలియస్ మూలకాలను ధనవిద్యుత్ స్వభావం నుంచి ఋణవిద్యుత్ స్వభావం వరకు ఒక వరుసలో పేర్చాడు. ప్రతి సమ్మేళనమూ ఒక ధనభాగం, ఒక ఋణభాగం కలయిక అన్నాడు. సూత్రంలోను, ఇంగ్లీషు పేరులోను ధనభాగం ముందు, ఋణభాగం వెనుక నిలిచే అలవాటు ఈ ద్వంద్వ దృష్టి నుంచే బలపడింది. కర్బన సమ్మేళనాల విషయంలో ఆయన సిద్ధాంతం నిలవలేదు. వరుస మాత్రం పేర్లలో మిగిలిపోయింది.

ఆ వరుసకు సంఖ్యారూపం 1932లో లైనస్ పౌలింగ్ ఇచ్చిన ఋణవిద్యుదాత్మకత కొలమానంతో వచ్చింది. దాని ప్రకారం సోడియం విలువ 0.93, క్లోరిన్ 3.16, తేడా 2.23. హైడ్రోజన్ విలువ 2.20 కనుక హైడ్రోజన్ క్లోరైడ్‌లో తేడా 0.96 మాత్రమే. మొదటిది అయానిక స్ఫటికం, రెండవది ధ్రువ సమయోజనీయ బంధం గల వాయువు. రెండిటి పేర్ల నిర్మాణం ఒకటే. అంటే పేరు ధ్రువణత దిశను చెబుతుంది, దాని పరిమాణాన్ని చెప్పదు. ఈ పరిమితిని బోధనలో స్పష్టం చేయకపోవడం వల్లనే 'క్లోరైడ్' అని చివర ఉన్న ప్రతిదీ అయానికమే అనే అపోహ ఇంటర్మీడియట్ విద్యార్థిలో స్థిరపడే అవకాశం ఉంది.

దిశను పేరు ఎంత నమ్మకంగా సూచిస్తుందో ఒక జంట చూపిస్తుంది. ఆక్సిజన్, క్లోరిన్‌ల సమ్మేళనాన్ని డైక్లోరిన్ మోనాక్సైడ్ అంటారు. ఆక్సిజన్ విలువ 3.44, క్లోరిన్ కంటే ఎక్కువ. ఆక్సిజన్, ఫ్లోరిన్‌ల సమ్మేళనం దగ్గరికి వచ్చేసరికి క్రమం తలకిందులై ఆక్సిజన్ డైఫ్లోరైడ్ అవుతుంది. ఫ్లోరిన్ విలువ 3.98, దానికి మించినది లేదు. అదే ఆక్సిజన్ ఒక పేరులో వెనుక, మరొక పేరులో ముందు నిలిచింది. అమ్మోనియా సూత్రంలో నైట్రోజన్ ముందుండటం వంటి మినహాయింపులు పాత అలవాటు మిగిల్చినవి. వాటిని నియమంగా సమర్థించబోవడం వృథా శ్రమ.

ధ్రువణత ఒకే అణువులో రెండు స్వభావాలను ఎలా కలుపుతుందో చూడటానికి నౌపడ నుంచి ఉత్తరంగా పలాస దాకా వెళ్తే చాలు. జీడి గింజల పెంకులో ఉండే నూనె చేతికి అంటితే చర్మాన్ని కాలుస్తుంది, నీటితో కడిగితే పోదు. ఆ నూనెలో ముఖ్యమైన అనకార్డిక్ ఆమ్లం అణువుకు ఒక కొసన ధ్రువ స్వభావం గల ఆమ్ల సమూహం, మరొక కొసన 15 కర్బన పరమాణువుల పొడవైన తోక ఉంటాయి. ఆ తోకలోని కర్బన – హైడ్రోజన్ బంధాల్లో తేడా 0.35 మాత్రమే, నీరు దానిని పట్టుకోలేదు. ఈ ఆమ్లం పేరు కూర్పును బట్టి రాలేదు, మొక్క పేరును బట్టి వచ్చింది. ఆ మొక్క పేరు కూడా అరువు తెచ్చుకున్నదే. లాటిన్‌లో 'అనకార్డియం' మొదట మన నల్లజీడికి వాడిన మాట. బ్రెజిల్ నుంచి వచ్చిన చెట్టుకు ఆ పేరు తరువాత బదిలీ అయింది. తెలుగువారు కూడా కొత్త చెట్టును 'జీడిమామిడి' అని పిలిచి అదే పని చేశారు.

4. తెలుగులో ప్రత్యయాల ప్రయోగం

1906లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి ప్రకృతి శాస్త్రాలను తెలుగులో చెప్పే పనిని ఒక ఉద్యమంగా చేపట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు సారథ్యంలో సాగిన ఆ గ్రంథమాలలో వేమూరి విశ్వనాథశర్మ రచించిన 'రసాయన శాస్త్రము' ఒకటి. ఆ తరువాతి దశాబ్దాల్లో మూలకాలకు ఆమ్లజని, ఉదజని, నత్రజని, కర్బనం, ఖటికం వంటి పేర్లు పాఠ్యగ్రంథాలలో ప్రచారం పొందాయి.

'జని' పేర్లు మూడూ ఫ్రెంచి పేర్లకు అర్థానువాదాలు. నీటిని పుట్టించేది ఉదజని: ఇందులో చిక్కు లేదు. ఆమ్లజని మాత్రం 1810లోనే కూలిపోయిన సిద్ధాంతాన్ని నూరేళ్ల తరువాత తెలుగులో కొత్తగా నాటింది. ఇంగ్లీషు చదివేవాడికి ఆక్సిజన్ అర్థంలేని ధ్వని. కాబట్టి అందులోని తప్పు అతన్ని బాధించదు. తెలుగు విద్యార్థికి ఆమ్లజని అర్థవంతమైన మాట. అందులోని తప్పు ప్రతిసారీ వినిపిస్తుంది. సంస్కృతమయమైన అనువాదంలో ఉన్న ప్రమాదం ఇదే. లోకవ్యవహారంలోని 'ప్రాణవాయువు' ఈ విషయంలో నిరపాయమైనది. నత్రజనిలోని 'నత్ర' మరొక వింత. ఇది 'నైటర్' అనే మాటకు రూపాంతరం. దానికీ, సోడియం లాటిన్ పేరు 'నేట్రియం'కూ మూలం ఒకటే. పెట్లుప్పు పేరూ, వంటింటి ఉప్పులోని లోహం సంకేతమూ ఒకే ప్రాచీన పదం నుంచి చీలి, వేర్వేరు పదార్థాలకు అంటుకున్నాయి.

సమ్మేళనాల విషయంలో తెలుగు చేసిన ప్రయత్నం ఇంతకంటే మెచ్చదగినది. '-ఐడ్'కు 'ఇదం', '-ఏట్'కు 'ఇతం' అని రెండు ప్రత్యయాలు కల్పించి హరిదం, గంధకిదం, గంధకితం, నత్రితం, కర్బనితం వంటి రూపాలు సాధించారు. ఆకుపచ్చ అర్థమిచ్చే గ్రీకు పదం నుంచి క్లోరిన్ వచ్చినట్లే, 'హరి' ధాతువు నుంచి హరిదం వచ్చింది. ఆమ్లాలకు గంధకికామ్లం, నత్రికామ్లం వచ్చాయి. ఇది పదాలను ఒక్కొక్కటిగా అనువదించడం కాదు, వ్యవస్థనే తెచ్చుకోవడం. 'సోడియం హరిదం' అన్నప్పుడు కూర్పూ, ధ్రువణ క్రమమూ రెండూ తెలుగులో నిలిచాయి.

అది ఎందుకు నిలవలేదు? సంస్కృత భారం వల్ల అనే జవాబు తరచుగా వినిపిస్తుంది, కానీ అది చాలదు. అంతకంటే బరువైన పదాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. అసలు లోపం ధ్వనిలో ఉంది. ఐడ్, ఏట్ అన్న భేదాన్ని మోసినవి 'ద', 'త' అనే రెండు హల్లులు మాత్రమే. గంధకిదం, గంధకితం పలుకుబడిలోను, చేవ్రాతలోను సులభంగా కలిసిపోతాయి. పైగా క్లోరిన్‌కు 'హరితం' అని పేరు పెట్టిన చోట క్లోరేట్‌కు ఈ సూత్రం ఇచ్చే రూపం కూడా హరితమే అవుతుంది. ఆకుపచ్చ అన్న అర్థం ఎలాగూ ఉంది. ఒకే మాట మూడు పనులు చేయవలసి వచ్చింది. దీనికి తోడు సంకేతాలూ సూత్రాలూ రోమన్ అక్షరాల్లోనే ఉండటం వల్ల ఖటికం అని చదివి కాల్షియం సంకేతం రాయవలసిన అవస్థ తప్పలేదు.

ఈ తీరానికి పొరుగునే ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి, విద్య ప్రజల వాడుక భాషలో సాగాలని వాదించారు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు మార్గం ప్రారంభమైన కాలం అది. ఆయన వాదం ప్రధానంగా వాక్యం గురించి, క్రియారూపాల గురించి. రసాయన పదజాలానికి దాన్ని అన్వయిస్తే, పెట్లుప్పు – భేదుప్పుల తరహాలో 'ఉప్పు'ను ఉత్తరపదంగా నిలిపే పద్ధతి ఒక దారిగా ఉండగలిగేది. ఆ దారిలో ఎవరూ పెద్దగా నడవలేదు.

1961లో ఏర్పడిన కేంద్ర శాస్త్ర సాంకేతిక పదావళి సంఘం మూలకాల, సమ్మేళనాల పేర్లను అంతర్జాతీయ రూపంలోనే ఉంచాలని సూత్రీకరించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాల్లో సోడియం క్లోరైడ్, కార్బన్ డై ఆక్సైడ్ స్థిరపడ్డాయి. అయితే సంబంధాలను చెప్పే మాటలు సంస్కృతంలోనే ఉండిపోయాయి: సమయోజనీయ బంధం, ఋణవిద్యుదాత్మకత, ధ్రువణత, ద్విధ్రువ భ్రామకం. ఫలితంగా నేటి తెలుగు రసాయన వాక్యంలో వస్తువు పేరు ఒక భాషది, దాని స్వభావం పేరు మరొక భాషది. 'ఐడ్' అనే ప్రత్యయమే ఋణవిద్యుదాత్మకతకు చిహ్నం అన్న సంగతి ఈ రెండిటి మధ్య జారిపోయింది.

5. ప్రత్యయం తప్పితే

ఈ జారుపాటు పర్యవసానాలు తరగతి గది దాటి వెళ్లాయి. భూగర్భ జలాల సమస్యపై తెలుగు పత్రికలు దశాబ్దాలుగా 'ఫ్లోరిన్ నీరు' అనే రాస్తున్నాయి. ఫ్లోరిన్ నీటిని తాకితే దానితో చర్య జరిపే విషవాయువు. అది బావిలో ఉండదు. ఉండేది ఫ్లోరైడ్ అయాన్. ఎలక్ట్రాన్ గ్రహించక ముందున్న మూలకానికీ, గ్రహించాక ఏర్పడిన అయాన్‌కూ ఉన్న భేదమంతా ఆ ప్రత్యయంలోనే ఉంది.

ఉప్పు పొట్లం మీది 'అయోడిన్' మరొక ఉదాహరణ. మన దేశంలో ఉప్పుకు కలిపేది పొటాషియం అయోడైడ్ కాదు, పొటాషియం అయోడేట్. తేమ, వేడి ఉన్న వాతావరణంలో అయోడైడ్ గాలి తగిలి ఆక్సీకరణం చెంది, అయోడిన్‌గా ఎగిరిపోతుంది. అయోడేట్‌లో అయోడిన్ తనకంటే ఎక్కువ ఋణవిద్యుదాత్మకత గల ఆక్సిజన్‌లు మూడింటితో బంధింపబడి, ముందే ఆక్సీకృత స్థితిలో ఉంటుంది కనుక నిలుస్తుంది. ఉత్పత్తి స్థాయిలో పది లక్షల భాగాలకు 30, వినియోగదారు స్థాయిలో 15 భాగాల అయోడిన్ ఉండాలన్న ప్రమాణం నెరవేరడం ఐడ్, ఏట్ అన్న ఆ చిన్న తేడా మీద ఆధారపడింది.

ఉద్దానంలో ఈ విషయం మరింత తీవ్రమవుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి 1990ల నుంచి గుర్తింపు పొందింది. దాని మూలకారణంపై పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. భూగర్భజలంలోని సిలికా, ఫ్లోరైడ్, భారలోహాలు, పురుగుమందులు, శరీరంలో నీటి కొరత వంటివి వేర్వేరుగా పరిశీలనకు వచ్చాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఈ పల్లెల్లో 'క్రియాటినిన్' ఇంటింటి మాట అయింది. పాఠశాల ముఖం చూడని వృద్ధులు కూడా ఆ అంకె చెప్పగలరు. అవసరం ఉన్నచోట పరభాషా పదం ఎంత త్వరగా వాడుకలో కలిసిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

పొటాషియం విషయంలో మాత్రం అలా జరగడం కష్టం. వ్యాధి ముదిరినవారి రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ దెబ్బతింటుంది. కొబ్బరినీటిలో పొటాషియం అధికం. ఉద్దానం కొబ్బరితోటల సీమ. పాఠ్యపుస్తకం చెప్పే పొటాషియం నీటిలో పడితే మండే లోహం. వైద్యుడు చెప్పేది ఒక ఎలక్ట్రాన్ కోల్పోయి, నీటి అణువులతో చుట్టబడి ఉండే అయాన్. రెండిటికీ ఇంగ్లీషులోనూ పేరు ఒకటే. కానీ ఇంగ్లీషు పాఠకుడికి అందే వివరణ తెలుగు కరపత్రంలో సాధారణంగా కనిపించదు.

మార్కెట్లో దొరికే 'తక్కువ సోడియం ఉప్పు' ఈ చరిత్ర మొత్తాన్నీ ఒక పొట్లంలో పెట్టినట్టుంది. రక్తపోటు ఉన్నవారి కోసం అందులో సోడియం క్లోరైడ్‌లో కొంత భాగాన్ని తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. రెండూ అయానిక సమ్మేళనాలే, రెండూ తెల్లని స్ఫటికాలే, రుచిలో స్వల్ప భేదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇలాంటి ఉప్పును సిఫారసు చేస్తూ, మూత్రపిండాల పనితీరు తగ్గినవారిని ఆ సిఫారసు నుంచి మినహాయించింది. నౌపడ మడి చేసేవాడు చేదు నీటిని బయటికి తోలి వేరుచేసేది కూడా ఒక క్లోరైడ్‌నే. అతనికి రుచి హెచ్చరిక చేస్తుంది. పొట్లం కొనే ఉద్దానం రోగికి ఆ హెచ్చరిక దొరికే చోటు, వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో అచ్చైన సమ్మేళనం పేరులోని మొదటి మాట ఒక్కటే.